ప్రిస్కిల్లా ఎక్కిన కొండ

చివరి ఏటవాలు దగ్గరికొచ్చాక ప్రిస్కిల్లా బండిని నేరుగా పైకి పోనివ్వలేదు. అడ్డంగా నడిపింది. ఎడమకు కొంత దూరం పోయి, ఆగి, బండి ముక్కు తిప్పి, మళ్ళీ కుడికి కొంత దూరం. తెర మీద ఆకాశం నల్లగా ఉంది. రాయి తుప్పు రంగులో ఉంది. వెనకాల, చుట్టూ వలయమున్న పెద్ద గ్రహం ఒకటి సగం పైకి లేచి నిలబడింది. దాని వెలుగు ఏటవాలుగా పడి గులకరాయికి కూడా పొడుగాటి నీడ వచ్చింది. ప్రిస్కిల్లా చూస్తున్నది ఆ నీడలనే. నీడ ఎక్కడ తెగిపోతే అక్కడ గుంత ఉన్నట్టు.

ఆ ఆట పేరు ఇంగ్లీషులో పొడుగ్గా ఉంటుంది. ఇంట్లో మాత్రం గ్రహాల ఆట అంటారు. నౌకలో చుక్క నుంచి చుక్కకు తిరగడం, సరుకులు మోయడం, యుద్ధాలు చేయడం – చాలామంది ఆడేది అందుకే. కొందరు మాత్రం ఏదో ఒక గ్రహం మీద దిగి, నౌకను కొండ అడుగున వదిలేసి, చిన్న నాలుగు చక్రాల బండిలో పైకి ఎక్కుతారు. నౌకలో ఎగిరిపోయి శిఖరం మీద దిగితే లెక్కలోకి రాదు. ప్రిస్కిల్లాకు ఆ ఆటలో కొండలు తప్ప మరేదీ పట్టలేదు.

ఇది ఉపగ్రహం మీది కొండ. ఇక్కడ బరువు తక్కువ. చక్రం గులకరాయి ఎక్కినా బండి కోడిపిల్లలా ఎగురుతుంది. ఒక్కసారి పల్టీ కొట్టిందంటే ఇక ఆగదు. అడుగుదాకా దొర్లి ముక్కలవుతుంది. ముందు చక్రం ఒకటి లేచింది. ఆమె చేతిలోని మీటల పెట్టెలో ముందుకు నడిపే మీట మీద నుంచి బొటనవేలు తీసేసింది. బండి గాలిలో తూగి, తూగి, మెల్లగా కిందికొచ్చి నాలుగు చక్రాల మీద కూర్చుంది. అంతసేపూ ఆమె ఊపిరి పీల్చలేదు. మళ్ళీ మీటను ఒత్తీ ఒత్తనట్టు ఒత్తింది.

కాసేపటికి ముందు రాయి కనిపించలేదు. నల్లటి ఆకాశమే కనిపించింది. బండి ఆగింది. నాలుగు దిక్కులా కిందికే.

ప్రిస్కిల్లా కుర్చీలోంచి లేచి నిలబడింది. ఇంట్లో ఎవరూ లేరు. మొదటి డ్యూటీ దిగి వచ్చి విప్పి తగిలించిన ఖాకీ కండక్టర్ కోటు మేకుకు వేలాడుతోంది. వంటింట్లో పప్పు నానుతోంది. రెండు చేతులూ నడుము మీద పెట్టుకుని ఆమె ఒక్కతే నవ్వింది. నవ్వు ఆగడానికి చాలాసేపు పట్టింది.

అప్పుడు తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కినవారు: శాంసన్.

ఆట కొడుకుది. కంప్యూటరూ కొడుకుదే. వాడి పేరుతోనే తెరుచుకుంటుంది. ప్రిస్కిల్లా ఆ పేరును ఒకసారి చదివి, ఫోటో తీసే మీట నొక్కి, పప్పు పొయ్యి మీద పెట్టడానికి పోయింది.

సాయంత్రం శాంసన్ గండిమైసమ్మ దగ్గర కాలేజీ నుంచి వచ్చి, సంచి దించకుండానే తెర ముందు నిలబడిపోయాడు.

“అమ్మా, ఇది ఎక్కినవా?”

“ఎక్కిన.”

“ఇంతవరకు ఎవ్వరు ఎక్కలేదమ్మా. బెంగళూరోళ్ళు ఎన్నిసార్లు ట్రై చేసి ఇడిసిపెట్టిన్రో.”

వాడి ఫోను అప్పుడే మోగడం మొదలుపెట్టింది. ఆట ఆడేవాళ్ళ గ్రూపులో మెసేజీలు. వాడు ఒక్కొక్కటే పైకి చదివాడు. అన్నీ శాంసన్‌కే. తమ్మీ నువ్వు మామూలోడివి కాదని ఒకరు, ఎట్లా ఎక్కినవో చెప్పమని ఒకరు. ప్రిస్కిల్లా గంటె పట్టుకుని గుమ్మంలో నిలబడి వింది.

“మా అమ్మ ఎక్కిందని చెప్పు బిడ్డా.”

“చెప్తలే” అన్నాడు శాంసన్. బొటనవేలు ఫోను మీద కాసేపు ఆగింది. తర్వాత ఆ వేలితోనే తల గోక్కున్నాడు.

*

ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోయే ముందు పాస్టరు అయ్యగారు ప్రకటనలు చదివారు. ఒకరికి ఉద్యోగం వచ్చింది, ఒకరికి కడుపులో ఆపరేషన్ మంచిగా జరిగింది. ప్రతిదానికీ అందరూ స్తోత్రం చెప్పారు. తర్వాత అయ్యగారు కళ్ళజోడు సర్దుకుని నవ్వుతూ మగవాళ్ళ వైపు చూశారు.

“మన సత్యానందం అన్న కుమారుడు శాంసన్, కంప్యూటర్ ఆటల్లో దేశంలో ఎవ్వరూ ఎక్కని కొండ ఎక్కిండంట. మన మేడ్చల్ పేరు నిలబెట్టిండు. బాబు ఒకసారి లేచి నిలబడాలె.”

చాప మీద ప్రిస్కిల్లా పక్కన కూర్చున్న షైని ఆమె మోకాలు తట్టింది. “అక్కా, చెప్పనే లేదు.” ముందు వరుసలో ఉన్న రాధమ్మ వెనక్కి తిరిగి, “శాంసనోళ్ళ అమ్మవు, నీకెంత గర్వముంటదో” అంది. అందరూ చప్పట్లు కొట్టారు.

శాంసన్ లేచాడు. చేతులెక్కడ పెట్టుకోవాలో వాడికి తెలియలేదు. ఆడవాళ్ళ వైపు చూడలేదు. వాడి పక్కన సత్యానందం ఇస్త్రీ చొక్కాలో నిటారుగా కూర్చుని ఉన్నాడు. ఆయన కాలేజీ బస్సు డ్రైవరు. అంతకుముందు లారీ నడిపినవాడు. ఘాట్ రోడ్ల గురించి మొదలుపెడితే ఆపడు. ఆయన ముఖంలో అంత సంతోషం ప్రిస్కిల్లా ఈ మధ్య చూడలేదు.

ఆమె కూడా చప్పట్లు కొట్టింది. కొడుతుంటే తన అరచేతుల చప్పుడు తనకే వింతగా వినిపించింది. బొటనవేళ్ళ కొసలు ఇంకా నొప్పిగానే ఉన్నాయి.

ఇంటికొచ్చి కూర వడ్డిస్తుండగా సత్యానందం కొడుకుతో మాట్లాడుతున్నాడు. కొంపల్లిలో గేమింగ్ సెంటర్ నడిపే ధరణి అనే అమ్మాయి శాంసన్‌కు ఫోన్ చేసిందట. వచ్చే శనివారం పోటీ. ఆటలో కొత్తగా బయటపడ్డ గ్రహం మీద, ఇప్పటిదాకా తెలిసిన అన్ని కొండల కన్నా ఎత్తైన కొండ ఉంది. దాన్ని ఎవరూ ఎక్కలేదు. ఊళ్ళో మంచిగా ఎక్కేవాళ్ళను ఆరుగురిని పిలిచి పెద్ద తెర మీద అందరి ముందు ఎక్కిస్తారట.

“నేను డ్యూటీ మార్పిచ్చుకుంట” అన్నాడు సత్యానందం. “నా కొడుకు కొండ ఎక్కుతాంటె చూడకుంట ఉంటనా? అది రక్తంలనే ఉంటది. ఘాట్ రోడ్డు నడిపినోని కొడుకు.”

శాంసన్ అన్నంలో వేళ్ళు తిప్పుతున్నాడు.

“ఆ కొండ వాడు ఎక్కలేదు” అంది ప్రిస్కిల్లా. “నేను ఎక్కిన.”

సత్యానందం తలెత్తి చూసి నవ్వాడు. “నువ్వా?”

“నేనే. పగటిపూట, డ్యూటీ దిగి వచ్చినంక, రోజు ఆడుతున్న. వీణ్ణే అడుగు.”

“స్కూటీ నేర్పిస్త అంటె భయపడితివి. నువ్వు కొండల మీద బండి నడిపినవా?” ఆయన గొంతులో ఎగతాళి కన్నా ముచ్చటే ఎక్కువ ఉంది. భార్య జోక్ చేసిందనుకున్నాడు. “నడిపిచ్చేటోళ్ళు వేరే, టికెట్ కొట్టేటోళ్ళు వేరే. ఏరా శాంసన్?”

శాంసన్ నోట్లో ముద్ద పెట్టుకున్నాడు. నమిలినంతసేపు నమిలాడు. తండ్రి అప్పటికే మజ్జిగ గిన్నె కోసం చేయి చాపాడు. మాట దాటిపోయింది.

ప్రిస్కిల్లా మజ్జిగ పోసింది. గిన్నె కింద పెట్టేటప్పుడు కొంచెం గట్టిగా పెట్టింది.

*

సోమవారం మేడ్చల్ నుంచి శామీర్‌పేట ట్రిప్పులో బస్సు నిండా ఆడవాళ్ళే. చీర మీద ఖాకీ కోటు వేసుకుని, మెడలో టికెట్ మిషను వేలాడేసుకుని ప్రిస్కిల్లా మనుషుల మధ్యలోంచి దారి చేసుకుంటూ పోయింది. ఆధార్ కార్డు చూడడం, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ కొట్టడం, చింపి ఇవ్వడం. బస్సు బ్రేక్ వేసినప్పుడు ఆమె చేత్తో ఏదీ పట్టుకోదు. మోకాలు కొంచెం వంచి, తుంటి సీటుకు ఆనిస్తుంది.

శామీర్‌పేటలో బస్సు ఖాళీ అయింది. తిరుగు ట్రిప్పుకు ఇంకా సమయముంది. డ్రైవర్ కుర్మయ్య టీ తెచ్చి ఒక కప్పు ఆమెకు ఇచ్చాడు. ఆయనకు ఇంకో ఏడాదిలో రిటైర్మెంట్. ప్రిస్కిల్లాను చెల్లె అని పిలుస్తాడు.

“ఏమైందే చెల్లె, పొద్దుగాల సంది మాట్లాడ్తలేవు?”

“అన్నా, బండి నువ్వు నడిపినవనుకో. ఇంకొకలు నడిపిన్రని అందరు చప్పట్లు కొడితే నీకెట్లుంటది?”

కుర్మయ్య టీ ఊదుకుని ఆలోచించాడు. “నాకు ఎవరు చప్పట్లు కొట్టిన్రే ఇంతవరకు? గుద్దితె నా పేరు రాస్తరు. మంచిగ తీస్కపోతె ఎవ్వని పేరు రాయరు.”

ఆమె నవ్వింది. ఆయనా నవ్వాడు. తర్వాత ఆయన అన్నాడు, “కాని నడిపినప్పుడు మంచిగనిపిస్తది జూడు, అది నాదే. దాన్ని ఎవ్వడు గుంజుకోలేడు.”

“అది నాకు గూడ ఉన్నదన్నా. అయినా సాలుతలేదు” అంది ప్రిస్కిల్లా.

ఆ మాట బయటికి వచ్చాక ఆమెకే ఆశ్చర్యమేసింది. సాలుతలేదు. నిజమే. కిటికీలోంచి చూస్తే చెరువు కట్ట మీద ఎండ మెరుస్తోంది. కట్ట ఎక్కి ఎవరో ఇద్దరు పిల్లలు ఫోటోలు తీసుకుంటున్నారు. ఒకడు ఇంకొకడితో, నా మొఖం మంచిగ రావాలె అని గట్టిగా చెప్పడం వినిపించింది.

ఆ మధ్యాహ్నం ఇంటికొచ్చి ఆమె ఆట తెరిచింది. శాంసన్ పేరు వచ్చింది. దాని కింద ఇంకో గడి ఉంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళ కోసం. ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టింది. ప్రిస్కిల్లా.

కొత్తవాళ్ళకు ఆట పెద్దగా ఏమీ ఇవ్వదు. శాంసన్ పేరు మీద ఉన్న పెద్ద నౌక లేదు. నాలుగు చక్రాలకూ నాలుగు మోటార్లున్న గట్టి బండి లేదు. ఒక పాత నౌక, అందులో ఒక తేలికపాటి బండి. దానికి ఇంజను బలం తక్కువ. కింద నుంచి మంట చిమ్మి కాసేపు బండిని పైకెత్తే గొట్టం ఉంటుంది కానీ, అందులో ఇంధనం రెండు గుక్కలంతే, అయిపోతే మళ్ళీ దానంతటదే నిండడానికి చాలాసేపు పడుతుంది. మొదటి రోజు ఆ బండితో ఆమె ఓ చిన్న గుట్ట కూడా ఎక్కలేకపోయింది. సగం పోయి వెనక్కి జారింది. మళ్ళీ పోయి, మళ్ళీ జారింది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది.

శాంసన్ వచ్చి చూశాడు. “ఇదేందమ్మా? నా దాంట్ల ఆడక?”

“నీది నీకే.”

వాడికి అర్థమైంది.  బట్టలు మార్చుకుని వచ్చి మంచం అంచు మీద కూర్చున్నాడు. ఆమె ఎక్కుతూ జారుతూ ఉంటే చాలాసేపు చూశాడు.

*

మంగళవారం, బుధవారం ఆమె ఆ గుట్టనే ఎక్కింది. జారిన చోట దిగి చూసినట్టు బండి ఆపి, కెమెరా తిప్పి నేలను చూసేది. బరువెక్కువ ఉన్న గ్రహాల మీద బండి ఎగరదు, జారుతుంది. బలమైన ఇంజనైతే చక్రాలు ఉన్నచోటే గిర్రున తిరిగి రాయిని నున్నగా చేస్తాయి. ఈ బండికి అంత శక్తే లేదు. అందుకే నెమ్మదిగా, పట్టుకుని పట్టుకుని పోతుంది. ఆ సంగతి తెలిశాక ఆమెకు దాని మీద కోపం పోయింది. తొందరపెట్టడం మానేసింది. గురువారం గుట్ట ఎక్కి, దాని వెనకున్న కొండ కూడా ఎక్కింది.

శుక్రవారం శాంసన్ కాలేజీకి పోలేదు. తల్లి డ్యూటీ దిగి వచ్చేసరికి గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు.

“అమ్మా, ఒక్క మాట చెప్త, కోపం చెయ్యొద్దు.”

“చెప్పు.”

“రేపు నువ్వు ఈడ్నే, ఇంట్లనే కూసోని నా పేరుతోటి ఆడు. నేను ఆడ కూసోని ఊకనే మీటలు ఒత్తుత. తెర మీద నీదే వచ్చేటట్టు నేను సెట్ చేస్త. ఎవ్వరికి తెల్వది. బాపు సుత ఖుషీ అయితడు.”

ప్రిస్కిల్లా చెప్పులు విప్పి గోడ పక్కన పెట్టింది. కోటు మేకుకు తగిలించింది. కొడుకు ముఖం చూసింది. వాడు కంగారుగా ఉన్నాడు. కళ్ళ కింద నల్లగా ఉంది.

“నీకు భయమైతాందా?”

“అందరి ముంగట ఎక్కకపోతె?” వాడి గొంతు చిన్నదైంది. “బాపు ఊరందరికి చెప్పిండమ్మా. అయ్యగారు సుత వస్తున్నరట. మా అమ్మ ఎక్కిందని ఇప్పుడు చెప్తె నన్ను ఏమంటరు?”

“మరి చర్చిల నిన్ను లేపి చప్పట్లు కొట్టినప్పుడు నాకేమనిపిచ్చిందో అడిగినవా?”

శాంసన్ గోడ పక్కనున్న ఆమె చెప్పులను కాలి వేలితో వరసగా సర్దాడు.

“తిట్టుడు కాదు బిడ్డా. నువ్వు ఈ ఆట తీస్కరాకపోతె నాకు ఆ కొండలెట్ల తెలుస్తుండె? గది మర్చిపోను. కాని దొంగతనంగ ఎక్కితె నేను ఎక్కినట్టు కాదు, నువ్వు ఎక్కినట్టు కాదు. రేపు నేనే వస్త. డ్యూటీ దిగి అట్లనే వస్త.”

“ఆ పాత బండితోనా?”

“అదే నాది గద.”

వాడు పోయి కుర్చీ లాగి తల్లి కోసం తెర ముందు వేశాడు. ఆమె కూర్చోగానే, “ఎడమ మీట జర గట్టిగున్నది, ఆగు” అని మీటను విప్పి, దుమ్ము ఊది, మళ్ళీ బిగించి, మీటల పెట్టెను ఆమె చేతిలో పెట్టాడు.

*

శనివారం కొంపల్లి గేమింగ్ సెంటర్ నిండిపోయింది. సినిమా హాలున్న భవనంలోనే పై అంతస్తు. నల్ల గోడలు, నీలం లైట్లు, ఒక గోడంతా తెర, ఆరు కుర్చీల ముందు ఆరు చిన్న తెరలు. ఐదు కుర్చీల్లో ఐదుగురు కుర్రవాళ్ళు అప్పటికే కూర్చుని ఉన్నారు. సత్యానందం ఆదివారం చొక్కాలో ముందే వచ్చి తెరకు ఎదురుగా నిలబడ్డాడు. పక్కన అయ్యగారు, చర్చి వాళ్ళు ఇంకో ఇద్దరు.

ప్రిస్కిల్లా లోపలికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గరి కుర్రవాడు, “ఆంటీ, పిల్లల్ని తీస్కపోనికి వస్తె అటు దిక్కు” అని పక్క తలుపు చూపించాడు. ఆమె ఇంకా ఖాకీ కోటులోనే ఉంది.

ధరణి చేతిలో మైకుతో వచ్చింది. జుట్టు పొట్టిగా కత్తిరించుకున్న అమ్మాయి. మాటలో హుషారు ఉంది. “శాంసన్, రా, ఆరో కుర్చీ నీదే. నీ కోసమే ఆగినం.”

శాంసన్ కదల్లేదు. తండ్రి వైపు చూశాడు. మింగడానికి నోట్లో ఏమీ లేకపోయినా మింగాడు.

“నేను కాదక్కా” అన్నాడు. “ఆడేది మా అమ్మ. మొన్నటి కొండ ఎక్కింది సుత ఆమెనే. నేను ఒక్కటి ఎక్కలేదు. అందరికి అబద్ధం చెప్పిన.”

మైకు ఆన్‌లోనే ఉంది. ఆ మాట హాలంతా వినిపించింది. సత్యానందం ముఖంలోని నవ్వు అలాగే ఉండిపోయి, నెమ్మదిగా అర్థం లేనిదైపోయింది. కుర్చీల్లోని కుర్రవాళ్ళలో ఒకరిద్దరు ఒకరినొకరు చూసుకున్నారు.

ధరణి ప్రిస్కిల్లాను పైనుంచి కింది దాకా చూసింది. “మేడం, మీరు?”

“నేనే. పేరు ప్రిస్కిల్లా.”

“కూర్చోండి” అంది ధరణి. అంతే.

కొండ తెర మీదికి వచ్చింది.  బూడిద రంగు నేల మీద నుంచి నల్లటి గోడ లేచినట్టు లేచింది. పైన సగం మంచు. శిఖరం కనిపించలేదు. తెర పైఅంచు దాటిపోయింది.

అందరూ బయలుదేరారు. ఐదు గట్టి బండ్లు దుమ్ము లేపుకుంటూ నేరుగా కొండ మీదికి పోయాయి. ప్రిస్కిల్లా బండి వెనకబడింది. ఆమె ముందు కొండ చుట్టూ కొంత దూరం పోయింది. “ఆంటీ, కొండ ఇటున్నది” అన్నాడు ఒకడు. కొందరు నవ్వారు. ఆమె తల తిప్పలేదు. ఎండ పక్కగా పడే వైపు కోసం చూస్తోంది. దొరికింది. అక్కడ నీడలు పొడుగ్గా ఉన్నాయి. అడ్డంగా ఎక్కడం మొదలుపెట్టింది.

చాలాసేపు ఏమీ జరగలేదు. చూసేవాళ్ళలో కొందరు బిర్యానీ తిని రావడానికి పోయారు. తిరిగొచ్చేసరికి రెండు బండ్లు లేవు. మంచు మొదలైన చోట చక్రాలు గిర్రున తిరిగి, వెనక్కి జారి, దొర్లి, అడుగుదాకా పోయి ముక్కలయ్యాయి. మూడోవాడు ఇంధనమంతా మండించి ఎగిరి అందుకోబోయి మంచు అంచును కొట్టుకున్నాడు. హాలంతా “అయ్యో” అంది. నాలుగోవాడి బండి కూడా దొర్లి ముక్కలైంది, వాడు మీటల పెట్టె విసిరికొట్టి లేచి పక్కకు పోయాడు. ఐదోవాడు బాలేష్. ప్రిస్కిల్లా పక్క కుర్చీలోనే ఉన్నాడు. అందరికన్నా పైదాకా పోయి, ఒక అంచు మీద పల్టీ కొట్టి, ఎలాగో నాలుగు చక్రాల మీద నిలబడ్డాడు. కానీ ముందు లైట్లు రెండూ పగిలిపోయాయి. అతనున్న వైపు చీకటి. కదిలితే ఎటు పోతాడో తెలియదు. అక్కడే ఆగిపోయాడు.

ప్రిస్కిల్లా మంచు దగ్గరికి వచ్చింది. సత్యానందం ఆమె కుర్చీ వెనక్కి ఎప్పుడు వచ్చి నిలబడ్డాడో ఆమెకు తెలియదు. ఆయన కుడి పాదం నేల మీద తనకు తెలియకుండానే ఒత్తుతోంది, తీస్తోంది.

“ఇప్పుడు రేసు గట్టిగ ఇయ్యి, లేకపోతె ఎన్కకొస్తవ్” అన్నాడు మెల్లగా.

“ఇయ్యొద్దు. సప్పుడు జెయ్యకు.”

 బండి మంచు మీద గోళ్ళతో పాకినట్టు పాకింది. ఒకచోట జారింది. ఆమె బ్రేకు వేయలేదు. జారే వైపుకే ముక్కు తిప్పి, కొంత దిగి, రాయి దొరికిన చోట ఆపింది. సత్యానందం గట్టిగా ఊపిరి వదిలాడు. ఆయనకు ఆ పని తెలుసు. తెలిసినవాళ్ళు చేసే పని అది.

“ఈమె ఎవరు అన్నా?” అని వెనక నుంచి కొత్తగా వచ్చినాయన అడిగాడు.

“ప్రిస్కిల్లా” అన్నాడు సత్యానందం తెర మీద నుంచి చూపు తిప్పకుండా. “నేను ఆమె భర్తను.”

చివర ఒక నిలువు గోడ మిగిలింది. మనిషంత ఎత్తు. దాన్ని చక్రాలతో ఎక్కలేరు. గొట్టంలో రెండు గుక్కల ఇంధనం ఉంది. కింద నుంచి ఒక్క చుక్క కూడా ఆమె వాడలేదు. బండిని గోడ దాకా తెచ్చి ఆపింది. చేతులు కోటుకు తుడుచుకుంది. మొదటి గుక్క ఒత్తింది. బండి లేచింది. చాలలేదు. ముందు చక్రాలు గోడ అంచుకు తగిలి కొట్టుకున్నాయి. పడిపోబోతుండగా రెండోది ఒత్తింది. వెనక చక్రాలు అంచు మీద పడ్డాయి. బండి ఊగింది. ముందుకే ఊగింది.

ముందు రాయి లేదు. ఆకాశమే ఉంది. అందులో రెండు సూర్యులు, ఒకటి ఎర్రగా, ఒకటి చిన్నగా తెల్లగా.

గోడంత తెర మీద అక్షరాలు వచ్చాయి. ఈ శిఖరాన్ని మొట్టమొదట ఎక్కినవారు: ప్రిస్కిల్లా.

ధరణి మైకు కింద పెట్టేసి చప్పట్లు కొట్టింది. తర్వాత హాలంతా కొట్టింది. అయ్యగారు స్తోత్రం అన్నారు. శాంసన్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. ప్రిస్కిల్లా కుర్చీలో వెనక్కి వాలి తన పేరు చదువుకుంది. చివరి అక్షరం దాకా చదివి, మళ్ళీ మొదటి నుంచి చదివింది. తర్వాత తల వెనక్కి తిప్పి భర్తను చూసింది. ఆయన ఆమె కుర్చీ మీదికి వంగాడు.

“రేపు చర్చిల నేనే లేచి చెప్త” అన్నాడు. “ఎట్ల చెప్పాలె?”

“ఎట్ల జరిగిందో అట్లనే.”

ఆయన తల ఊపాడు.

పక్క కుర్చీలో బాలేష్ మీటల పెట్టె ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. అతని తెర మీద చీకటి. లేచి వెళ్ళలేదు, ఆట మూసేయలేదు. “కంగ్రాట్స్ ఆంటీ” అన్నాడు నిజంగానే. తర్వాత కొంచెం ఆగి, “ఇంకెంత దూరముండె నాకు?” అని అడిగాడు.

“దూరం లేదు బాబూ. దారే కనవడ్తలేదు నీకు.”

ప్రిస్కిల్లా మీటల పెట్టె మళ్ళీ చేతిలోకి తీసుకుంది. బండిని వెనక్కి తిప్పింది. “ఏం చేస్తున్నవ్?” అన్నాడు సత్యానందం. ఆమె గోడ అంచు పక్కనున్న వాలు వెతుక్కుని, కిందికి దిగడం మొదలుపెట్టింది. గొట్టంలో ఇంధనం నిండే దాకా ఒకచోట ఆగింది. తర్వాత మంచు మీదుగా, తను ఎక్కిన జాడలోనే కొంత దిగి, అక్కణ్ణుంచి చీకటి వైపుకు.  కాసేపటికి బాలేష్ తెర మీద దూరంగా వెలుగు కనిపించింది. దగ్గరికొచ్చింది. అతని ముందు వచ్చి ఆగి, వెనక్కి తిరిగింది. వెనక లైట్లు ఎర్రగా వెలిగాయి.

“నా ఎన్క ఎన్కనే రా” అంది ప్రిస్కిల్లా. “దబ్బదబ్బ రేసు ఇయ్యొద్దు. నేను ఆగినప్పుడు ఆగు. నేను తిరిగినప్పుడు తిరుగు.”

“సరే ఆంటీ.”

“రైట్” అంది ఆమె, బస్సులో అన్నట్టే.

రెండు బండ్లూ అడ్డంగా, మెల్లగా, కొండ మీదికి పోయాయి. ఎవరూ బిర్యానీకి పోలేదు. ముక్కలైపోయిన నలుగురూ వచ్చి ఆ కుర్చీల వెనక నిలబడ్డారు. గోడ దగ్గర ఆమె ముందు ఎగిరి, పైనుంచి లైట్లు కిందికి పట్టింది. బాలేష్ ఆ వెలుగులో అంచు చూసుకుని, ఊపిరి బిగబట్టి, ఎగిరాడు.

శిఖరం చాలా చిన్నది. ఒక బండికే సరిపోతుంది. ప్రిస్కిల్లా తన బండిని కొంచెం పక్కకు జరిపి చోటిచ్చింది.